చిటికెన వేలి చప్పుడు

నేను ఇప్పటిదాకా రాసిన ప్రోగ్రాములన్నీ కలిపినా కంప్యూటర్‌లో ఒక పెళ్ళి ఫోటో అంత చోటు పట్టవు. ఆఫీసులో నా అసలు ఉద్యోగం వేరు. ఎవరి కంప్యూటర్ మొండికేస్తే వాళ్ళ టేబుల్ దగ్గరికి వెళ్ళి, దాన్ని ఆపి, మళ్ళీ ఆన్ చేసి, ఏదో పెద్ద పని చేసినట్టు మొహం పెట్టడం. దానికి జీతం ఇస్తారు. ఈ చిన్న ప్రోగ్రాములు మాత్రం ఉచితం. పర్చేజ్ సెక్షన్‌లో ఒకాయనకు, బాస్ గది తలుపు కదిలినప్పుడు ఒక్క మీట నొక్కితే తెరిచినవన్నీ మాయమై, పనికి సంబంధించిన పేజీ ఒక్కటే మిగలాలి. మా ఆవిడకు, డెస్క్‌టాప్ మీది బొమ్మలను ఎవరు కదిపినా అవి మళ్ళీ తన వరసలోకి వచ్చి నిలబడాలి. కదిపేది నేనేనని ఆమెకు అనుమానం. ప్రోగ్రాం రాసింది కూడా నేనే కాబట్టి కేసు అక్కడే ఆగింది.

ఇలాంటివి ఏ కంపెనీ చేసి అమ్మదు. ఒక మనిషికి ఒక చిరాకు, దానికి నలభై లైన్లు. ఇన్నేళ్ళలో నాకు తెలిసిందేమిటంటే, అడిగేవాళ్ళు తమకేం కావాలో మొదటిసారి చెప్పలేరు. మనం చేసి చూపించాక "ఇది కాదు" అని మాత్రం గట్టిగా చెప్పగలరు. అందుకని మొదటిది ఎప్పుడూ తప్పుగా చేస్తాను. ఆ కళ నాకు సహజంగానే అబ్బింది.

ఒక ఆదివారం పొద్దున తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"నాలుగో నంబరేనా?"

"అవును మేడమ్" అన్నాను. అవతల ఎవరో నాకు గుర్తు రాకముందే నోరు జవాబు చెప్పేసింది. వెన్ను కూడా కాస్త నిటారుగా అయింది.

చిలకలగూడలో ఒక పిండిగిర్ని ఉంది. దాని పైఅంతస్తులో టైపు ఇన్‌స్టిట్యూట్. కింద జొన్నలు, పైన మేము. రెండు చోట్లా పిండి చేయడమే పని. డిగ్రీ చదివే రోజుల్లో, ఇరవై రెండేళ్ళ కిందట, పొద్దున ఆరున్నర బ్యాచ్‌లో అక్కడ టైపు లోయర్ పరీక్షకు నేర్చుకున్నాను. పరీక్ష ఒకసారి తప్పడంతో మిగతావాళ్ళ కంటే ఎక్కువే నేర్చుకున్నాను. గదిలో ఆరు టైపు మిషన్లుండేవి. మేడమ్ ఎవరినీ పేరుతో పిలిచేవారు కాదు. ఎవరు ఏ మిషన్ ముందు కూర్చుంటే ఆ నంబరే వాళ్ళ పేరు. నేను నాలుగు.

మేడమ్ పాఠం చెప్పే తీరే వేరు. మా వైపు వీపు పెట్టి, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చునేవారు. ఆరు మిషన్లు ఒకేసారి దడదడలాడుతుంటే తల తిప్పకుండానే, "మూడో నంబర్, ఎస్ మీద ఉంగరం వేలు పెట్టు, నడిమి వేలు కాదు" అనేవారు. చూసుకుంటే నిజమే, నడిమి వేలే. ఆమె కిటికీ అద్దంలో మమ్మల్ని చూస్తున్నారని మాకు అనుమానం వచ్చింది. ఒకరోజు ముందే వెళ్ళి కిటికీ తలుపులు బార్లా తెరిచి పెట్టాం. ఆ రోజు నాకు మామూలు కంటే రెండు తిట్లు ఎక్కువ పడ్డాయి. "నాలుగో నంబర్, నీ చిటికెన వేలు లేస్తలేదు. దానికి చాయ్ పొయ్యాల్నా?"

ఆమె చూసేవారు కాదు, వినేవారు. ఏ వేలితో కొడితే మిషన్ ఎలా మోగుతుందో ఆమెకు తెలుసు. మొదటిరోజు ఆమె అందరికీ చెప్పే మాట కూడా చప్పుడు గురించే: "మీట మీద వేలు పెట్టి కూసోవద్దు. వేడి పెనం ముట్టినట్టు ముట్టాలె, తియ్యాలె."

ఇప్పుడు ఫోన్లో అదే గొంతు, కాస్త నెమ్మదిగా.

"పరీక్షలన్నీ కంప్యూటర్ మీదనే అంటున్నరు. పిల్లలు మిషన్ ముట్టుతలేరు. ఐదు మిషన్లు తీసేసి ఆరు కంప్యూటర్లు పెట్టిన. అప్పటిసంది నాకు చెవుడొచ్చినట్టున్నది."

"డాక్టర్‌కు చూపించుకున్నరా మేడమ్?"

"చెవులు మంచిగనే ఉన్నయిరా. మిషన్లకే నోరు లేదు. కంప్యూటర్ల పనేదో చేస్తవట కదా, జెర ఒచ్చి చూడు."

ఆ సాయంత్రమే వెళ్ళాను. మెట్లు అవే, పిండి వాసన అదే. మేడమ్ కిటికీ దగ్గర అదే కుర్చీలో ఉన్నారు. ఆరు కంప్యూటర్ల ముందు ఆరుగురు టైపు చేస్తున్నారు. కింద గిర్ని మోత తప్ప ఏమీ వినిపించడం లేదు. కొత్త కీబోర్డుల మీద వేళ్ళు కదులుతుంటే పరుపు మీద పిల్లి నడిచినట్టుంది.

బ్యాచ్ వెళ్ళిపోయాక ఆమె అసలు సంగతి చెప్పారు.

"నాకు నడుమ కనవడదురా. కంట్ల నరమేదో ఎండిందంటున్నరు. సుట్టూత కనవడతది, నడుమనే ఏం లేదు. నీ చెవులు కనవడుతున్నయ్, మొఖం లేదు."

"మొఖంల చూసేదేం లేదు మేడమ్. మీకేం నష్టం కాలే."

ఆమె నవ్వారు. తర్వాత నవ్వలేదు. "మిషన్లున్నన్ని రోజులు కండ్లతోని పనే పడలె. పిల్లలకు తెల్వనే తెల్వదు. ఇప్పుడు ఎవరేం కొడుతున్నరో నాకేం ఎరుక? ఊకె కూసుంటున్న. గిది పంతులమ్మ పని కాదు, వాచ్‌మన్ పని. ఈ బ్యాచ్ అయిపోయేదాంక చూస్త. అయినా వినబడకుంటే పైగది తాళం చాచాకు ఇచ్చేస్త. ఆయనకు బస్తాలు పెట్టుకోను జాగ చాలుతలేదట."

చాచా అంటే గిర్ని యజమాని. గదీ ఆయనదే. బ్యాచ్ అయిపోవడానికి ఇంకా నెలా పది రోజులుంది.

నాకు పని సులభంగానే తోచింది. మీట నొక్కగానే "టక్" అనాలి. అంతే కదా. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన టైపు మిషన్ చప్పుడు ఒకటి దించుకుని, రెండు రోజుల్లో రాసి, ఆరు కంప్యూటర్లలో పెట్టి, ఆరు చిన్న స్పీకర్లు తగిలించి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆరుగురూ షురూ చేశారు. మేడమ్ ఒక్క నిమిషం విన్నారు.

"ఆపుండ్రి. గిదేందిరా నాలుగో నంబరూ? పది వేళ్ళకు ఒక్కటే సప్పుడా? పెండ్లిల పటాకులు కాల్చినట్టున్నది."

ఇది కాదు అన్నమాట. మొదటిది తప్పుగా చేయాలన్న నా నియమం ఈసారీ చెడలేదు.

మూలన ఒక పాత మిషన్ మిగిలి ఉంది. తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళు ఐదింటినీ మోసి అలిసిపోయి వదిలేశారట. దాని చప్పుళ్ళే తీసుకుందామనుకున్నాను, మీటకొకటి చొప్పున. కింద గిర్ని ఆడుతుంటే మాత్రం అది కుదరదు. పైగది తెరిచి ఉండే వేళల్లో గిర్ని ఆగేది వారంలో ఒక్కసారి, శుక్రవారం మధ్యాహ్నం చాచా నమాజుకు వెళ్ళినప్పుడు. కాబట్టి శుక్రవారం ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టాను. కారణం దగ్గర "సొంత పని" అని రాశాను. టైపు మిషన్‌ను రికార్డు చేయాలి అని రాస్తే పూర్తి రోజు ఇచ్చి డాక్టర్ దగ్గరికి పంపేవాళ్ళు.

మిషన్ కింద దుప్పటి మడిచి వేశాం. ఫోన్‌ను మేడమ్ కుర్చీలోని దిండు మీద పెట్టాం. ఆమె కొట్టాలి, నేను ఊపిరి బిగబట్టాలి. ఒక్కో మీట మూడుసార్లు. సగం కూడా కాకుండానే మెట్ల మీద చెప్పుల చప్పుడు. చాచా తిరిగొచ్చేశాడు. తలుపు దగ్గర నిలబడి మా ఇద్దరినీ, దిండు మీది ఫోన్‌నూ చూశాడు.

"క్యా హో రహా హై? ఏం పూజ చేస్తున్నరు మేడమ్?"

నేను చెప్పాను. కంప్యూటర్‌కు టైపు మిషన్ చప్పుడు పెడుతున్నామని, గిర్ని షురూ అయితే మళ్ళీ శుక్రవారం దాకా ఆగాలని. ఆయన గడ్డం గోక్కున్నాడు. ఇది కుదరకపోతే ఈ గది బస్తాలకు వస్తుందని ఆయనకు తెలియనిది కాదు.

"ఇంకెంత సేపు?"

"అర్ధగంట చాచా."

"కోయి బాత్ నై. బందే ఉంచుత. జొన్నలు యాడికి పోతయ్?" అని కిందికి వెళ్ళాడు. కింద ఎవరో పిండి కోసం గొడవ పడుతుంటే "పైన ఇమ్తిహాన్, పరీక్ష నడుస్తున్నది, చుప్" అని ఆయన గద్దించడం మాకు వినిపించింది. ఆ గద్దింపు డి మీట రికార్డింగులో పడింది. దాన్ని మళ్ళీ తీశాం.

రెండోది బాగా వచ్చింది. ప్రతి మీటకూ దాని చప్పుడే, వరస చివర గంట, పేజీ జరిపితే పళ్ళ చక్రం గరగర. మేడమ్ తల ఒక పక్కకు వాల్చి విన్నారు. మొహంలో ఏదో వెలిగింది, ఆరింది.

"మిషన్ ఒచ్చింది. ఎమ్ కొట్టినప్పుడల్ల ఉల్లిగడ్డల బండోడు సుత ఒస్తున్నడు, అది తీసెయ్. కాని మనుషులు రాలేదురా."

ఉల్లిగడ్డల సంగతి నిజమే. వీధిలో బండి మైకు ఒక ముక్క ఎమ్ వెనకాల దాక్కుంది. నేను యాభైసార్లు విన్నా పట్టుకోలేదు. మనుషులు రాకపోవడమేమిటో మాత్రం నాకు అర్థం కాలేదు.

"చిటికెన వేలు పండుకోని కొట్టినా పెద్దగనే మోగుతున్నది. మీ కంప్యూటర్ అబద్ధం చెప్తున్నది."

కీబోర్డుకు మనం ఎంత గట్టిగా కొట్టామో తెలియదని చెప్పాను. ముట్టుకున్నా గుద్దినా దానికి ఒకటేనని, విండోస్‌కు కూడా దాని నుంచి వచ్చే కబురు అంతేనని చెప్పాను.

"మరేం తెలుసు దానికి?"

"మీట ఎప్పుడు దిగింది, ఎప్పుడు లేచింది. గంతే మేడమ్."

ఆమె కిటికీ వైపు చూశారు. అలవాటు కొద్దీ చూశారు, వీధి నడుమ ఆమెకు ఏమీ కనబడదు.

"పెనం" అన్నారు.

"ఆఁ?"

"వేడి పెనం. బలమున్న వేలు ముడుతది, లేస్తది. చాతగాని వేలు ఆడనే పండుకుంటది. ఎంతసేపు పండుకున్నదో నీ డబ్బాకు తెలుస్తదంటున్నవ్ కదా. ఇంకేం గావాలె?"

నేను డిగ్రీ చదివాను. తర్వాత కంప్యూటర్ కోర్సులు రెండు చేశాను. ఈ సంగతి మాత్రం కంప్యూటర్ కొనే ముందు దాన్ని ఎప్పుడూ ముట్టని ఆమె చెప్పారు. ఇంటికి వెళ్ళి రాసింది పన్నెండు లైన్లు. మీట దిగగానే "టక్". వేలు అవసరానికి మించి అక్కడే ఉండిపోతే, లేచేటప్పుడు వెనకాల మెత్తగా ఒక "దబ్". మంచి వేలికి ఒక్క చప్పుడు, సోమరి వేలికి రెండు.

ఈలోగా ఆమె మిగతా కోరికలు కూడా చెప్పారు. బ్యాక్‌స్పేస్ పనిచేయొద్దు, తప్పు కొడితే ఆ తప్పు అక్కడే ఉండి కొట్టినవాళ్ళ మొహం చూడాలి. రెండు మీటలు ఒకేసారి కొడితే, పాత మిషన్‌లో అక్షరాల కడ్డీలు రెండూ ఒకదానికొకటి చిక్కుకున్నట్టు, కంప్యూటర్ కూడా చిక్కుకుని ఆగిపోవాలి. అందరూ నన్ను కంప్యూటర్ మంచిగా చేయమని అడుగుతారు. కంప్యూటర్ పాడు చేయమని, అదీ ఇంత వివరంగా, మొదటిసారి అడిగింది ఆమే. నాకు ఆ పనిలో అనుభవం ఉందని ఆమెకెవరు చెప్పారో తెలియదు.

చిక్కుకునేది పెట్టిన మొదటిరోజు గదంతా చిక్కుకుంది. వేగంగా కొట్టేవాళ్ళకు ఒక వేలు లేవకముందే ఇంకో వేలు దిగుతుందని నేను లెక్క వేసుకోలేదు. ఆరు కంప్యూటర్లూ సాయంత్రం ఆరింటికి స్టేషన్ ముందు ఆటోల్లాగా ఎక్కడివక్కడ ఆగిపోయాయి. దాన్ని సరిచేయడానికి రెండు రోజులు పట్టింది. ఇంకో తప్పు కూడా అందులోనే ఉంది. అది నాకు రెండో నంబర్ వల్ల తెలిసింది.

రెండో నంబర్ ముప్పై దాటిన ఆవిడ. రోజూ కాప్రా నుంచి బస్సులో వస్తుంది. ఉద్యోగానికి టైపు పరీక్ష రాయాలి. మాట కటువు, మనసు కాదు. ఆ రోజు క్లాసు అయ్యాక అదే కంప్యూటర్‌లో ఉద్యోగం దరఖాస్తు నింపుతోంది. నేను బ్యాక్‌స్పేస్‌ను ఆపింది అభ్యాసం పేజీలో ఒక్కచోట కాదు, మొత్తం విండోస్‌లో. ఫోన్ నంబర్లో ఒక అంకె తప్పు పడింది. పోదు. మళ్ళీ మొదటి నుంచి నింపింది. ఈసారి ఊరి పేరు దగ్గర కంప్యూటర్ చిక్కుకుంది.

"సార్, మీరే కదా దీన్ని రిపేర్ చేసిన సారు?" అంది.

"అవునమ్మా."

"మీరు ముట్టకముందు ఎట్లుండె సార్ ఇది?"

"పనిచేస్తుండె."

"ఆ. అదే అనుకున్న."

ఆ ఆగడమూ చిక్కుకోవడమూ అభ్యాసం పేజీలో మాత్రమే ఉండేట్టు అక్కడే నిలబడి మార్చాను. చప్పుడు మాత్రం అంతటా ఉండాలని మేడమ్ పట్టుబట్టారు. "పాఠం కొట్టేటప్పుడు అందరు మంచిగనే కొడతరు. సొంత పని చేసుకునేటప్పుడే వేళ్ళు నిజం చెప్తయ్." సరేనన్నాను. ఆవిడ దరఖాస్తు మూడోసారి పూర్తయ్యేదాకా వెనకాలే నిలబడ్డాను. కాపలా కాదు, ప్రాయశ్చిత్తం.

బ్యాచ్ అయిపోవడానికి నాలుగు రోజులుందనగా, ఆ "దబ్"తో సహా అన్నీ సరిచేసింది తీసుకెళ్ళి పెట్టాను. మేడమ్ కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నారు. ఆరుగురూ కొట్టడం మొదలుపెట్టారు. టక్ టక్, మధ్యలో ఎక్కడో దబ్, ఒక గంట, కింద గిర్ని. మేడమ్ ఎవరి నంబరూ పిలవలేదు. రెండు నిమిషాలు గడిచాయి. ఐదు నిమిషాలు. నేను గోడకు ఆనుకుని ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టాను. మూడే ఉన్నాయి, ఎన్నిసార్లు లెక్కపెట్టినా. ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి, కదలడం లేదు. బస్తాలు ఎన్ని పడతాయో చూద్దామన్నట్టు నా కళ్ళు గది కొలతలు తీసుకోవడం మొదలుపెట్టాయి.

కొడుతూ కొడుతూ రెండో నంబర్ ఆగింది. హాల్ టికెట్ వచ్చిందేమో చూసుకుంటానని వెబ్‌సైట్ తెరిచింది. మిగతావాళ్ళు కూడా చూద్దామని ఆగారు. గదిలో ఆమె ఒక్కతే కొడుతోంది, పది పన్నెండు దెబ్బలు.

"రెండో నంబర్" అన్నారు మేడమ్, తల తిప్పకుండా.

"మేడమ్?"

"నీ పాస్‌వర్డ్ల కుడి చెయ్యి ఎందుకు లేదమ్మా? అంత ఎడమ చేతితోనే కొట్టినవ్. చివరికి చిటికెన వేలు రెండుసార్లు ఒచ్చింది, రెండుసార్లు పండుకున్నది."

రెండో నంబర్ స్క్రీన్ మీది నల్ల చుక్కలు చూసింది, తన చేతులు చూసుకుంది, మేడమ్ వీపు చూసింది.

"అయ్యో, మేడమ్‌కు పాస్‌వర్డ్ వినబడుతున్నది!"

"ఎవ్వరికి చెప్పనులే. మార్చుకో. కుడి చేతికి సుత జెర పని చెప్పు."

గదంతా ఒక్కసారి నవ్వింది. మేడమ్ భుజాలు కూడా కదిలాయి. ఆ తర్వాత ఆమె ఆగలేదు. ఐదో నంబర్ బొటనవేలు, ఒకటో నంబర్ తొందర, ఆరో నంబర్ కీబోర్డు వైపు చూస్తూ కొట్టడం. చూస్తూ కొట్టడం చప్పుడులో ఎలా తెలుస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. నా ప్రోగ్రాంలో అలాంటిదేమీ లేదు. నెల రోజులుగా దాచుకున్నవన్నీ ఒకేసారి వడ్డించినట్టు, ఎవరి వంతు వాళ్ళకు అందింది. తిట్లు తింటూ ఆరుగురూ చాలా సంతోషంగా కనిపించారు.

వెళ్ళేటప్పుడు కింద చాచా అడిగాడు. "పైన ఏమంటుండ్రు బేటా?"

"తాళం ఇచ్చేటట్టు లేరు చాచా."

"అచ్ఛా" అన్నాడు. బస్తాల వైపు ఒకసారి చూశాడు. "మెట్ల కింద జాగ ఉన్నది తియ్యి. శుక్రారం మళ్ళ బందు పెట్టాల్నా?"

అక్కర్లేదన్నాను. కొంచెం నిరాశ పడ్డట్టే కనిపించాడు.

పాస్‌వర్డ్ కొట్టేచోట మీటకో చప్పుడు కాకుండా అన్నిటికీ ఒకే చప్పుడు వచ్చేట్టు మరుసటి వారం మార్చాను. రెండో నంబర్ కోరిక అది. మేడమ్ ఒప్పుకున్నారు గానీ, మంచి పాఠం పోయిందన్నారు. రెండో నంబర్‌కు ఉద్యోగం ఇంకా రాలేదు. టైపు మాత్రం పాసైంది. కొత్త బ్యాచ్‌లో ఆరు కుర్చీలూ నిండాయి.

నేను ఇప్పుడు నెలకోసారి వెళుతున్నాను, ఏవో చిన్న చిన్న మార్పులకు. పోయినసారి నాలుగో కంప్యూటర్ స్పీకర్ మూగబోయింది. వైరు సరిచేసి, పనిచేస్తుందో లేదో చూద్దామని కూర్చుని నాలుగు ముక్కలు కొట్టాను. మేడమ్ కిటికీ దగ్గర చాయ్ తాగుతున్నారు.

"నాలుగో నంబర్."

"మేడమ్."

"ఇరవై రెండేండ్లాయె. నీ చిటికెన వేలు ఇంకా లేస్తలేదు."

ప్రోగ్రాంలో ప్రతి దెబ్బకూ వేలు ఎంతసేపు ఉందో రాసిపెట్టే ఏర్పాటు ఒకటి ఉంది. నేనే పెట్టాను. తెరిచి చూశాను. ఎ మీట దగ్గర నా చిటికెన వేలు మిగతా తొమ్మిది వేళ్ళ కంటే రెండింతల సేపు పడుకుంది. ఆమె చెప్పింది నిజమే.

నాలుగో కంప్యూటర్‌లో ఆ ఒక్క వేలికి "దబ్" రాకుండా మినహాయింపు ఇవ్వడం రెండు లైన్ల పని. ఎవరికీ తెలియదు కూడా. రెండు లైన్లూ రాశాను. మేడమ్ చాయ్ గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. రెండూ చెరిపేశాను.